క్లారెన్స్ బర్డ్స్‌ఐ

క్లారెన్స్ బర్డ్స్‌ఐ (డిసెంబరు 9, 1886 - అక్టోబరు 7, 1956) అమెరికాకు చెందిన ప్రకృతి పరిశీలకుడు, ఆవిష్కర్త, వ్యాపారవేత్త. ఆహారపదార్థాలను చిన్న పొట్లాలుగా కట్టి అతివేగంగా గడ్డకట్టించే పద్ధతిని రూపొందించి, ఆధునిక ఘనీభవిత ఆహార పరిశ్రమకు మూలపురుషుడిగా ప్రసిద్ధి చెందాడు. ఆహారాన్ని గడ్డకట్టించి నిల్వచేయడం అతనికి పూర్వమే ఉన్నది. అయితే ఎంత వేగంగా గడ్డకట్టించాలి, ఎంత మందంగా ఉంచాలి, ఎలా చుట్టాలి అనే మూడు ప్రశ్నలకు ఆచరణయోగ్యమైన సమాధానాలు చూపిన ఘనత అతనిది. నేటి ఇళ్ళలో ఫ్రీజరును సర్దుకునే పద్ధతికి కూడా ఇవే ఆధారాలు.

బాల్యం, విద్య

బర్డ్స్‌ఐ న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో తొమ్మిదిమంది సంతానంలో ఆరవవాడుగా జన్మించాడు. చిన్ననాటి నుండి జంతువులు, మొక్కల పరిశీలనపై ఆసక్తి ఉండేది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్హెర్‌స్ట్ కళాశాలలో చేరినప్పటికీ ఆర్థిక ఇబ్బందుల వలన చదువు పూర్తిచేయలేకపోయాడు. అనంతరం అమెరికా వ్యవసాయ శాఖలో ప్రకృతి పరిశీలకుడిగా పనిచేస్తూ దేశపు పశ్చిమ ప్రాంతాలలో పర్యటించాడు.

లాబ్రడార్ అనుభవం

1912లో బర్డ్స్‌ఐ నేడు కెనడాలో భాగమైన లాబ్రడార్‌కు వెళ్ళి, నక్క చర్మాల వ్యాపారం చేపట్టాడు. 1915లో ఎలినార్ గానెట్‌ను వివాహమాడాడు. భార్య, పసిబిడ్డతో ఆ మంచుప్రాంతంలో నివసించినప్పుడు తాజా ఆహారం దొరకడం గడ్డు సమస్య అయినది. స్థానిక ఇన్యూట్ ప్రజలు మంచు క్రింది నుండి పట్టిన చేపలు దాదాపు -40° సెల్సియస్ చలిగాలిలో క్షణాలలో గడ్డకట్టడం, నెలల తరువాత వండినా వాటి రుచి చెడకపోవడం అతడు గమనించాడు.

దీనికి కారణం వేగమే. నెమ్మదిగా గడ్డకట్టినపుడు ఆహారంలోని నీరు పెద్ద మంచు స్ఫటికాలుగా మారి కణాలను చీలుస్తుంది. కరిగించినపుడు రసం కారిపోయి పదార్థం మెత్తబడుతుంది. వేగంగా గడ్డకట్టినపుడు స్ఫటికాలు చిన్నవిగా ఉండి కణాలకు తక్కువ హాని కలుగుతుంది.

ప్రయోగాలు, దివాలా

అమెరికాకు తిరిగివచ్చిన బర్డ్స్‌ఐ 1923లో న్యూయార్క్‌లో చేపలను గడ్డకట్టించి అమ్మే సంస్థను స్థాపించాడు. కొనేవారు లేక అది 1924లో దివాలా తీసినది. అప్పట్లో దొరికే ఘనీభవిత ఆహారం నాసిరకంగా ఉండడం వలన ప్రజలకు దానిపై నమ్మకం లేదు.

అయినప్పటికీ అతడు ప్రయత్నం మానలేదు. చేపల రేవుపట్టణమైన గ్లౌసెస్టర్‌కు మకాం మార్చి, మరొక సంస్థను నడిపాడు. మైనపు పూత గల అట్టపెట్టెలలో ఆహారాన్ని పలుచగా నింపి, అతిశీతల లోహపు పలకల మధ్య ఒత్తి ఉంచే యంత్రాన్ని నిర్మించాడు. రెండు వైపుల నుండి చలి తగలడం వలన పెట్టె లోపలి భాగం కూడా త్వరగా గడ్డకట్టేది. ఈ విధానానికి 1930లో పేటెంటు లభించినది.

వ్యాపార విజయం

1929లో బర్డ్స్‌ఐ సంస్థ, పేటెంట్లు 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్ముడయ్యాయి. కొన్న సంస్థ జనరల్ ఫుడ్స్‌గా పేరు మార్చుకుని, బర్డ్స్ ఐ అనే వ్యాపారనామంతో సరుకును విక్రయించినది. 1930 మార్చి 6న మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 18 దుకాణాలలో మాంసం, చేపలు, బఠాణీలు, పాలకూర, పండ్లు మొదలైనవి ప్రయోగాత్మకంగా అమ్మకానికి పెట్టారు. దుకాణాలలో శీతల పెట్టెలు, రవాణాకు శీతల రైలుపెట్టెలు లేనిదే ఈ వ్యాపారం సాగదు. కాబట్టి 1930వ దశకంలో దుకాణాలకు ఫ్రీజర్లు, 1944లో రైలుపెట్టెలు అద్దెకిచ్చే ఏర్పాట్లు జరిగాయి. రెండవ ప్రపంచయుద్ధకాలంలో తగరపు డబ్బాల కొరత వలన ఘనీభవిత ఆహారానికి గిరాకీ పెరిగినది.

గృహ ఫ్రీజర్లపై ప్రభావం

యుద్ధానంతరం అమెరికా ఇళ్ళలో పైకి తెరుచుకునే పెట్టె ఫ్రీజర్లు వ్యాపించాయి. చల్లనిగాలి బరువుగా ఉండి అడుగున నిలుస్తుంది కాబట్టి మూత తెరిచినా వీటిలో చలి ఎక్కువగా నష్టం కాదు. అయితే అడుగున ఉన్న పదార్థాలు కంటికి కనబడక నెలల తరబడి మరుగునపడిపోవడం వీటి లోపం. దీనికి బర్డ్స్‌ఐ పలుచని పొట్లమే పరిష్కారంగా ఉపకరిస్తుంది. మళ్ళీ వాడుకోగల సంచులలో ఆహారాన్ని నింపి, గాలి తీసివేసి, బల్లపరుపుగా పరచి గడ్డకట్టిస్తే త్వరగా గట్టిపడుతుంది. తరువాత పేరు, తేదీ వ్రాసి, బుట్టలలో పుస్తకాల వలె నిలబెట్టవచ్చు. గాలి తగలకపోవడం వలన పదార్థం ఎండిపోదు. నీరు గడ్డకట్టినపుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది కనుక పులుసు వంటి ద్రవాలకు సంచిలో కొంత ఖాళీ వదలాలి. నిల్వకు -18° సెల్సియస్ ఉష్ణోగ్రత ప్రమాణంగా పాటిస్తారు.

చివరి జీవితం

బర్డ్స్‌ఐ అనంతరం ఆహారాన్ని ఎండబెట్టే పద్ధతులపై పరిశోధించాడు. 1950వ దశకంలో పెరూ దేశంలో చెరకు పిప్పి నుండి కాగితపు గుజ్జు తయారుచేసే ప్రయోగాలు సాగించాడు. 1956 అక్టోబరు 7న న్యూయార్క్‌లో గుండెపోటుతో మరణించాడు. అతని చితాభస్మాన్ని గ్లౌసెస్టర్ సమీప సముద్రంలో కలిపారు. 2005లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ మందిరంలో అతనికి స్థానం లభించినది.