పాల్ బ్రోకా - వాక్‌స్థాన పరిశోధనము

వాక్కును గూర్చి మన వైయాకరణులును దార్శనికులును చేసిన విచారము మిక్కిలి లోతైనది. పర, పశ్యంతి, మధ్యమ, వైఖరి అని దశలను గుర్తించి, బుద్ధిలోని అర్థము నోటి పలుకుగా మారువరకు నడచు మార్గమును వారు వివరింప యత్నించిరి. శిక్షాశాస్త్రము వర్ణోత్పత్తి స్థానములను కంఠము మొదలు పెదవుల వరకు నిర్ణయించినది. కాని ఆ కంఠమును, నాలుకను, పెదవులను ఒక క్రమములో కదలించు శక్తి శరీరమున నెచ్చట నున్నదను ప్రశ్నకు శవపరీక్ష మూలమున సమాధానము లభించినది 1861వ సంవత్సరమున, పారిస్ నగరపు దక్షిణపు పొలిమేరలోని బిసెత్ర్ వైద్యాలయమున. దానిని కనుగొనినవాడు భాషావేత్త కాడు, శస్త్రవైద్యుడు. భాషాశాస్త్ర గ్రంథములలో పాల్ బ్రోకా పేరు మెదడులోని యొక భాగమునకు గుర్తుగా మాత్రమే కానవచ్చును. అతడు తన నిర్ణయమునకు వచ్చిన తీరు, దానిని ప్రకటించుటకు నాలుగేండ్లు వెనుకాడిన తీరు, వేరొక విషయమున ఆ యోర్పును చూపలేకపోయిన తీరు మనకు తెలియదగినవి.

బ్రోకా 1824 జూన్ 28వ తేదీన ఫ్రాన్సు దేశపు నైరృతి భాగమున, బొర్దో నగరమునకు తూర్పుగా దొర్దోన్ నదీతీరమందలి సెంత్-ఫ్వా-లా-గ్రాంద్ అను చిన్న పట్టణమున జన్మించెను. వారిది ప్రొటెస్టెంటు కుటుంబము. తండ్రి నెపోలియన్ సైన్యములో శస్త్రవైద్యుడుగా పనిచేసినవాడు. తల్లి మతబోధకుని కుమార్తె. పదునేడవ యేట బ్రోకా పారిస్ వైద్య కళాశాలలో చేరి, 1849లో పట్టము నందెను. క్యాన్సరు గడ్డలను సూక్ష్మదర్శినితో పరీక్షించుట, రక్తనాళముల ఉబ్బులను గూర్చి 1856లో బృహద్గ్రంథమును ప్రకటించుట మొదలగు కార్యములచే అతడు ముప్పది రెండేండ్లకే పేరుపడెను. 1857లో అతడు వివాహమాడిన వనిత, అయొడిన్ ద్రావణమునకు నేటికిని పేరు మిగిలియున్న లుగోల్ వైద్యుని కుమార్తె.

కుందేటి జాతుల సాంకర్యమును గూర్చి అతడు వ్రాసిన వ్యాసమొకటి జీవశాస్త్ర సంఘపు పెద్దలకు అపాయకరముగా తోచెను. చర్చను ఆపవలసినదిగా వారు కోరగా, బ్రోకా 1859లో పందొమ్మిది మంది సభ్యులతో పారిస్ మానవశాస్త్ర సంఘమును స్థాపించెను. ప్రభుత్వమునకు గాని మతమునకు గాని విరుద్ధమైన మాట రాకుండునట్లు కనిపెట్టుటకై ఆ సభలకు మొదట ఒక పోలీసు అధికారి వచ్చి కూర్చుండెడివాడట! అట్టి సభలోనే వాక్‌స్థానమును గూర్చిన వివాదము బయలుదేరినది.

ఆ వివాదము అప్పటికే పాతది. మనస్సునందలి ప్రతిగుణమునకు మెదడులో నొక గదియున్నదనియు, తలపైని ఎత్తుపల్లములను తడవి దానిని తెలిసికొనవచ్చుననియు ఫ్రాంజ్ యోసెఫ్ గాల్ ప్రచారము చేసియుండెను. అది శాస్త్రమనిపించుకొనలేదు. మెదడు ఒక్క ముద్దగా పనిచేయునని ఫ్లూరాన్స్ ప్రయోగములు చేసి వాదించెను. గాల్ చెప్పినదానిలో ఒక్క అంశమును మాత్రము బూయో అను వైద్యుడు విడువలేదు. వాక్ఛక్తి నుదుటి వెనుకనుండు లలాటఖండములలో నున్నదని అతడు 1825లోనే ప్రకటించెను. ఆ ఖండములు చెడియు మాట చెడనివాని మెదడును చూపగలవారికి ఐదువందల ఫ్రాంకుల బహుమానము నిత్తునని 1848లో పందెము కట్టెను. 1861లో మానవశాస్త్ర సంఘమున ఈ పక్షమున నిలిచినవాడు బూయో అల్లుడైన ఒబుర్తాన్. ఎదుటివాడు గ్రాతియొలే. బ్రోకా ఎటును తేల్చుకొనలేదు.

ఇట్లుండగా 1861 ఏప్రిల్ 11వ తేదీన బిసెత్ర్‌లో బ్రోకా శస్త్రచికిత్సా విభాగమునకు లెబోర్న్ అను రోగిని తెచ్చిరి. వాని కుడికాలు వాచి కుళ్ళిపోవుచుండెను. వయస్సు ఏబదియొకటి. బాల్యమునుండి మూర్ఛరోగము గలవాడైనను ముప్పదియేండ్ల వరకు జోళ్ళ అచ్చులను చేయుచు పారిస్‌లో జీవించెను. తరువాత మాట పోయెను. పదియేండ్లు గడచునప్పటికి కుడిచేయి, మరికొన్నాళ్ళకు కుడికాలు పడిపోయెను. ఇరువదియొక్క సంవత్సరములుగా అతడు ఆ వైద్యాలయముననే యుండెను. ఏమడిగినను టాన్ అను ఒక్క అక్షరమును రెండుమారులు పలుకుట తప్ప మరియొక సమాధానము లేదు. అందుచే అందరును వానిని టాన్ అనియే పిలిచెడివారు.

ఈ మనుష్యుని బ్రోకా పరీక్షించిన విధము భాషావేత్తలు శ్రద్ధతో గమనింపదగినది. నాలుక కదలుచున్నది. కంఠస్వరము స్వాభావికముగ నున్నది. చెవి చక్కగా వినుచున్నది. ఎన్నేండ్లుగా నిచ్చటనున్నావని యడుగగా లెబోర్న్ తన ఎడమచేతి వ్రేళ్ళను నాలుగుమారులు విప్పి చూపి, పిమ్మట ఒక వ్రేలిని చూపెను. ఇరువదియొకటి. లెక్క సరియైనది. మరునాడును అదే ప్రశ్న, అదే యుత్తరము. మూడవసారి యడుగగా ఇది పరీక్ష యని గ్రహించి కోపించి, తన నోట మిగిలియున్న ఒకే యొక తిట్టును వెలువరించెను. ప్రయత్నించి పలుకలేనివాడు ఉద్రేకములో తిట్టగలిగెను. బుద్ధి యున్నది, అర్థగ్రహణ మున్నది, ఉచ్చారణావయవము లున్నవి. అర్థమును ఉచ్చారణముతో కలుపు నేర్పు మాత్రము పోయినది. పోయినది భాష కాదు, మాటలను పలుకుటకు వలసిన కదలికల జ్ఞాపకమని బ్రోకా ఊహించెను. మన మధ్యమా వైఖరుల నడిమి గీటును ఈ రోగి స్మరింపజేయును గాని, ఆ రెండింటిని ఒక్కటియనుట తొందరపాటగును. మనవారిది తత్త్వవిచారము, ఇతనిది రోగనిదానము.

లెబోర్న్ ఏప్రిల్ 17వ తేదీన మరణించెను. మరునాడే బ్రోకా ఆ మెదడును సంఘమునకు తెచ్చి చూపెను. ఎడమవైపు లలాటఖండమున కోడిగ్రుడ్డు పట్టునంత గుంట యేర్పడియుండెను. దాని నడుమ మూడవ మడతయొక్క వెనుకభాగము నశించియుండెను. రోగము మొదలైనచోటు అదియేయని అతడు అనుమానించెను గాని, ఒక్క రోగిని బట్టి సిద్ధాంతము చేయలేదు. లోపలి భాగములను చూడవలెనన్న కోరిక ఎంత యున్నను మెదడును కోయక, మద్యసారమున నుంచి, పరిశీలించువారికొరకు ద్యుపుత్రాన్ ప్రదర్శనశాలలో భద్రపరచెను. ఈ సంయమమునకు తరువాత వచ్చిన ఫలితమును ముందు చెప్పెదను.

ఆ సంవత్సరముననే లెలాంగ్ అను ఎనుబది నాలుగేండ్ల మట్టిపనివాడు తొడయెముక విరిగి బ్రోకాయొద్దకు వచ్చెను. అంతకు ఏడాదిన్నర ముందు మాట పోయినది. మిగిలినవి ఐదే పదములు: అవును, కాదు, మూడు, ఎల్లప్పుడు అను నర్థముగల నాలుగు ఫ్రెంచి మాటలు, చివర తెగిన తన పేరు. సంఖ్య యేదైనను వాని నోట మూడే. ఆ మూడులోని రేఫమును పలుకలేకుండెను. బిడ్డలెందరనిన మూడని పలికి, ఆ మాట తప్పని తెలిసి నాలుగు వ్రేళ్ళు చూపెను. చేతి వ్రేళ్ళు నోటిమాటను దిద్దుచుండెను! నవంబరు మాసమున అతడు మరణించెను. మెదడులోని గాయము చిన్నది, కాని అదేచోట, ఎడమవైపుననే యుండెను.

దీనికి బ్రోకా అఫేమియా యని పేరుపెట్టెను. 1864లో త్రుసో అను ప్రసిద్ధవైద్యుడు, గ్రీకుభాషలో ఆ పదమునకు అపకీర్తియను నర్థము వచ్చునని ఒక గ్రీకుదేశీయుని వలన విని, అఫేషియా యను మాటను ప్రతిపాదించెను. బ్రోకా తన పదమును సమర్థించుచు సుదీర్ఘముగా వ్రాసినను, లోకము త్రుసో మాటనే గ్రహించెను. వాగ్లోపమునకు పేరుపెట్టుటలో వైద్యులు నిఘంటువులు తిరుగవేసి వాదులాడుకొనుట మనబోటివారికి కొంత ముచ్చట గొల్పును.

అసలైన విచిత్రము ఎడమవైపే గాయము కనబడుట. కుడియెడమ అర్ధగోళములు ఆకారమున ఇంచుమించు సమానములు. ఒకేరీతిగానున్న రెండవయవములు వేర్వేరు పనులు చేయుట ఆనాటి శరీరశాస్త్రమునకు పొసగని మాట. 1863 నాటికి ఎనిమిది మంది రోగుల వృత్తాంతములు చేకూరెను. ఎనిమిదింటను ఎడమవైపే! అయినను బ్రోకా ఆ యాశ్చర్యమును చెప్పి, నిర్ణయమును మాత్రము చెప్పలేదు. 1865లోగాని మనము ఎడమ అర్ధగోళముతో మాటలాడుచున్నామని ప్రకటింపలేదు. అప్పుడైనను అర్థగ్రహణము రెండువైపులదియు నని అంగీకరించెను. ఎడమవైపు చెడినవారికి శిక్షణమిచ్చినచో కుడివైపు ఆ పనిని కొంత నేర్చుకొనగలదని భావించి, ఒక రోగికి బాలునకువలె అక్షరములు మరల నేర్పజూచెను. ఇంతలో మోంపెల్యే ప్రాంతమునుండి వేరొక వాదము వచ్చెను. తన తండ్రి మార్క్ దాక్స్ 1836లోనే ఈ విషయమును కనుగొని వ్రాసెనని గుస్తావ్ దాక్స్ అనెను. ఆనాటి సభలో అది చదువబడిన జాడ దొరకలేదు. వ్రాత మాత్రము 1865లో అచ్చుపడెను. తొలిగౌరవ మెవరిదను తగవు నేటికిని తెగలేదు.

1874లో జర్మనీ వైద్యుడు కార్ల్ వెర్నికె దీనికి రెండవ ముఖమును చూపెను. చెవిప్రక్క నుండు ఖండము వెనుకభాగము చెడిన రోగులు ధారాళముగా మాటలాడుదురు గాని, ఆ మాటలకు అర్థము కుదురదు. ఇతరుల మాట వారికి తెలియదు. పలుకుట, గ్రహించుట అను రెండును వేరువేరుగా చెడునని తేలినది.

ఇంత నిదానస్థుడైన బ్రోకా పుఱ్ఱెలను కొలుచునప్పుడు మరియొక మనుష్యుడు. పారిస్ వైద్యాలయములలో మరణించిన 292 మంది పురుషుల మెదళ్ళ సగటు బరువు 1325 గ్రాములు, 140 మంది స్త్రీలది 1144 గ్రాములు అని అతడు లెక్కించెను. స్త్రీల దేహము చిన్నదగుట ఇందులకు కొంత కారణమని తెలిసియు, ఎంత భాగము దానివలన కలిగెనో లెక్కింపక, స్త్రీల బుద్ధి తక్కువ కాబట్టి మెదడును తక్కువయే యనెను. జాతుల తారతమ్యములను గూర్చియు నిదే పద్ధతి. ఒక కొలత యూరపువారిని మీద నిలుపనిచో, ఆ కొలతయే పనికిరాదని త్రోసివేసెడివాడు. స్టీఫెన్ జే గూల్డ్ 1981లో ప్రకటించిన గ్రంథమున ఈ లెక్కలను తిరిగి పరిశీలించి, కొలతలు నమ్మదగినవేయనియు, వానినుండి తీసిన ఫలితములు ముందే మనసులో నున్నవనియు చూపెను. ఎనిమిది మెదళ్ళు ఒకటే సాక్ష్యము పలికినను నోరు మెదపనివాడు, ఇచ్చట సాక్ష్యమునకు ముందే తీర్పు చెప్పినాడు.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. బ్రోకా శిష్యుడైన తొపినార్ ఏర్పరచిన కొలతల పద్ధతిని చేపట్టి హెర్బర్ట్ రిస్లీ వంగదేశపు కులముల ముక్కులను కొలిచెను. మద్రాసు ప్రదర్శనశాలాధ్యక్షుడు థర్‌స్టన్ దక్షిణదేశమున అదే పని చేసెను. కాల్డ్‌వెల్ 1856లో భాషాకుటుంబమునకు ఉపయోగించిన ద్రావిడ శబ్దము రిస్లీ చేతిలో ముక్కు వెడల్పునుబట్టి నిర్ణయింపబడు జాతికి పేరైనది. మనము ఈనాటికిని వదలించుకొనజూచుచున్న భ్రాంతికి ఒక వేరు పారిస్ పుఱ్ఱెల బీరువాలలో నున్నది.

బ్రోకా కార్యములలో మరికొన్నింటిని పేర్కొనిన చాలును. పెరూ దేశమునుండి వచ్చిన, రంధ్రము చేయబడిన ప్రాచీన కపాలమును 1867లో పరీక్షించి, ఆ చికిత్స జరిగిన పిమ్మట రోగి కొంతకాలము జీవించెనని చెప్పెను. తలకు గాయమై మాట పడిపోయిన రోగికి వాక్‌స్థానమును బయటినుండి గుర్తించి, అచ్చటనే కపాలమును తొలిచి చీమును తీసెను. రోగి దక్కలేదు. 1878లో మెదడు నడిమి అంచునుగూర్చి వ్రాసినది నేటి నాడీశాస్త్రమున లింబిక్ అను పేరుతో నిలిచియున్నది. 1880లో ఆజీవ సెనేటరుగా ఎన్నికయ్యెను. ఆ సంవత్సరమే జూలై 9వ తేదీన ఏబదియారవ యేట మరణించెను.

అతని సిద్ధాంతము ఎదురులేక నిలువలేదు. 1906లో పియేర్ మరీ ఆ మూడవ మడతకు వాక్కుతో ప్రత్యేకసంబంధము లేదని ఖండించెను. భాషావేత్తలలో రోమన్ యాకబ్సన్ 1941లోను, 1956లోను వాగ్లోపమును భాషానిర్మాణముతో జోడించి విచారించి, పదములను ఏరుట, కూర్చుట అను రెండు వ్యాపారములలో ఒక్కొక్కటి వేరుగా చెడునని చూపెను. ఇంగ్లీషు రోగులు ప్రత్యయములను విడుచుచుండగా, హీబ్రూ, ఇటాలియన్ రోగులు ఒకదానికి బదులు మరియొకటి వాడుదురని పిదప తెలిసినది. ప్రత్యయములు వరుసగా ధాతువును అంటిపెట్టుకొనియుండు తెలుగువంటి భాషలో ఏది జారును, ఏది మారును అనునది మన వ్యాకరణజ్ఞులును వైద్యులును కూడి చూడవలసిన విషయము. పుస్తకములోని ప్రత్యయ విభాగము మెదడులోని విభాగముతో సరిపోవునో లేదో అట్టి రోగుల మాటలవలన కొంత తెలియగలదు.

2007లో నీనా డ్రాంకర్స్ మొదలగు పరిశోధకులు లెబోర్న్, లెలాంగుల మెదళ్ళను ఎం.ఆర్.ఐ. యంత్రముతో చిత్రించిరి. కోయక దాచుటచేతనే ఇది సాధ్యమైనది. గాయములు బ్రోకా చూచిన ఉపరితలముననే ఆగలేదు. లోపలి పొరలకు, ముందువెనుక భాగములను కలుపు నాడీతంతువుల కట్టకు వ్యాపించియుండెను. లెలాంగ్ మెదడులో నేడు బ్రోకా పేరుతో వ్యవహరింపబడు భాగము కొంత చెడకయే యున్నది. 2013లో పోలెండు దేశీయుడగు చెజారీ డొమాన్‌స్కీ పాతదస్త్రములను వెదకి, టాన్ యొక్క పూర్తిపేరు లూయీ విక్తోర్ లెబోర్న్ అనియు, అతడు 1809లో మోరే పట్టణమున జన్మించెననియు, అతని తండ్రి బడిపంతులనియు తెలిపెను.