రహీం సాబ్: మైదానమే పాఠశాలగా

మన హైదరాబాదు ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కు ఆయువుపట్టుగా ఉండెనన్న సంగతి నేటి విద్యార్థులలో పలువురికి తెలియదు. అబిడ్స్, నాంపల్లి వీధులలో నిత్యం సంచరించే మనం, ఆ కీర్తికి మూలపురుషులైన సయ్యద్ అబ్దుల్ రహీం గారిని స్మరించుకొనుట విధి.

వారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, అక్కడి జట్టులో ఆడి, పిదప ఉపాధ్యాయ వృత్తిని చేపట్టారు. మైదానంలోనూ వారు ఉపాధ్యాయులే. డ్రిబ్లింగు నిషేధించిన పోటీలు, అలవాటు లేని కాలితోనే ఆడవలసిన పోటీలు నిర్వహించి, బంతిని సహచరునికి అందించుటయు, రెండు కాళ్లతో ఆడుటయు బాలురకు నేర్పారు. వారి శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో వారి శిష్యులు స్వర్ణపతకం సాధించారు. కాని మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో, అధికులు వట్టి కాళ్లతో ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోల్స్ తేడాతో ఓడిపోయింది. ఆ పరాజయాన్ని రహీం గారు పాఠంగా స్వీకరించారు. ఆటగాళ్లు బూట్లు తొడిగారు. ఆట తీరు మారింది. 1956లో మెల్‌బోర్న్‌లో భారతదేశం ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశమై, నాల్గవ స్థానం పొందింది. ఆ జట్టులో బలరాం, జుల్ఫికరుద్దీన్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ మన నగరపు బిడ్డలే.

1962 జకార్తా ఆసియా క్రీడలలో తొలి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2–0తో ఓడించింది. రహీం గారు నిరాశ చెందలేదు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందువరుసలో నిలిపారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో, ప్రతికూల ప్రేక్షకుల కేకల నడుమ, అదే కొరియాను మనవారు 2–1తో జయించారు. ఒక గోలు జర్నైల్‌దే. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం గారు కాన్సరు వ్యాధితో పరమపదించారు.

నాటి తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మన దేశానికి మరల దక్కలేదు. 1960 అనంతరం ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం అడుగిడనేలేదు. ఒక్క మహనీయునిపై సర్వభారం మోపి, ఆయన వంటి గురువులను మరికొందరిని తయారుచేసుకొనకపోవుట మన లోపం కాదా? విద్యార్థులారా! రహీం సాబ్‌కు నిజమైన నివాళి, నేర్చినదానిని మరొకరికి నేర్పుటయే.