పుట్టుకతో ఎవరూ దొంగ కాదు: అంగుళిమాలుని జీవితం



మన ఊర్లె ఎవరినన్న పోలీసులు జీపెక్కించుకొని పోతే, పొద్దుమీకే వరకు ఊరంత రెండు మాటలే వినపడుతయి. చేసే ఉంటడని కొందరంటరు. పాపం, అసొంటోడు కాదని కొందరంటరు. కోర్టు గూడ చివరికి ఈ రెండిట్ల ఒకటే చెప్తది: దోషి, లేదంటే నిర్దోషి. ఈ రెండు మాటల్ల ఇమడని ఒక మనిషి జీవితాన్ని ఈసారి మీ ముందుకు తెస్తున్నం. ఆయన అంగుళిమాలుడు. రెండువేల ఐదు వందల ఏండ్ల కింద, బుద్ధుని కాలంల, కోసల రాజ్యంల బతికినోడు. బుద్ధుణ్ణి చంపబోయి భిక్షువైన దొంగ అని సగం కథ మీరు విని ఉంటరు. మిగిలిన సగమే ఇయ్యాల మనకు ఎక్కువ అవసరం.

పుట్టిన రాత్రే పడ్డ ముద్ర

తండ్రి కోసల రాజు పసేనది కొలువుల పురోహితుడు, గగ్గ గోత్రం. తల్లి పేరు మంతాని. పిల్లగాడు పుట్టిన రాత్రి ఊర్లున్న ఆయుధాలన్నీ మెరిసినయని అట్ఠకథలు చెప్తయి. తండ్రి బయటికొచ్చి ఆకాశం చూసి, దొంగల నక్షత్రంల పుట్టిండని తేల్చిండు. తెల్లారి పోయి రాజుకు గూడ ఆ సంగతి చెప్పిండు. ఒక్కడే తిరిగే దొంగ అయితడు తప్ప రాజ్యానికి ముప్పు లేదని తెలిసినంక, పెంచుకొమ్మన్నడు రాజు. ఆ ముద్ర పోవాలనే పిల్లగానికి అహింసకుడు అని పేరు పెట్టిన్రు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇంకా కండ్లు తెరవని పిల్లగాడు ఏం నేరం చేసిండు? అయినా తీర్పు ముందే వచ్చింది.

పెద్దయినంక తక్కసిలకు చదువుకు పంపిన్రు. చదువుల అందరికన్న ముందున్నడు. తోటి శిష్యులకు కన్నుకుట్టింది. గురువు భార్య మీద కన్నేసిండని చాడీలు చెప్పిన్రు. గురువు నమ్మిండు. నేరుగ చంపితే తనకు చెడ్డపేరొస్తదని, గురుదక్షిణగ వెయ్యిమందిని చంపి రమ్మన్నడు. మొదట ఒప్పుకోలేదు, తర్వాత తలొంచిండు. లెక్క తప్పుతున్నదని వేళ్లు కోసి దండ కట్టుకున్నడు. అహింసకుడన్న పేరు పోయి అంగుళిమాలుడైండు.

సుత్తం చెప్పేది, కథ చెప్పేది

మీరు ఒకటి గమనించాలె. ఈ తక్కసిల కథంత తర్వాతి కాలంల అట్ఠకథలు రాసినోళ్లు చెప్పింది. మజ్ఝిమ నికాయంలోని 86వ సుత్తంల ఇది లేదు. ఎందుకు చంపిండో సుత్తం చెప్పదు. రక్తంల తడిసిన చేతులు, ఖాళీ అయిన ఊర్లు, మెడల వేళ్ల దండ, ఇంతే చెప్తది.

ఈ తేడా చిన్నది కాదు. కథకు కారణం కావాలె, తప్పు పంచుకునే ఒక గురువు కావాలె. అందుల నిజం గూడ ఉంటది, మనిషిని నేరం దిక్కు నూకే చేతులు చానా ఉంటయి. కానీ చచ్చిపోయినోళ్లకు కారణాలతోటి పనిలేదు. తెలిసి చేయాలన్న తలంపే కమ్మ అని ధమ్మం చెప్తది. గురువు చెప్పిండు కాబట్టి చేసిన అంటే అక్కడ చెల్లదు. అంగుళిమాలుడు దోషే. ఇందుల మనం మొహమాట పడొద్దు.

ఆగినోడు, ఆగనోడు

ఒకరోజు బుద్ధుడు సావత్థిల భిక్ష ముగించుకొని ఆ అడివి బాట పట్టిండు. పశులు కాసేటోళ్లు, సేద్యం చేసేటోళ్లు అడ్డం పడి వద్దన్నరు. మన బల్మూర్ దిక్కు నల్లమల అంచున బతికేటోళ్లకు ఈ మాట తొందరగ అర్థమైతది; ఏ బాట మంచిది, ఏది కాదు అన్నది ముందుగ పశులు కాసేటోళ్లకే తెలుస్తది. నలభై మంది గుంపుగ పోయినా వాని చేతికి చిక్కిన్రని చెప్పిన్రు. బుద్ధుడు మాట్లాడకుంట ముందుకే నడిచిండు.

కత్తి, డాలు పట్టుకొని అంగుళిమాలుడు ఎంబడిపడ్డడు. బుద్ధుడు మామూలుగనే నడుస్తున్నడు, తను ఎంత ఉరికినా అందుతలేడు. అలిసిపోయి నిలవడి, ఆగమని కేకేసిండు. నేను ఆగే ఉన్న, నువ్వే ఆగాలె అన్నట్టు జవాబొచ్చింది. ప్రాణాల మీద దెబ్బ వేసుడు ఆపినోడే ఆగినోడు అన్నది దాని అర్థం. ఆయన ఆయుధాలు లోయలకు ఇసిరేసి, బుద్ధుని కాళ్ల మీద పడ్డడు. భిక్షువైండు.

ఇటు పసేనది రాజు ఐదు వందల గుర్రాలతోటి వాణ్ణి పట్టుకునేందుకు బయలెల్లి, దారిల బుద్ధుని దగ్గర ఆగిండు. అంగుళిమాలుడు గుండు గీయించుకొని, శీలం పాటించే భిక్షువై కనపడితే ఏం జేస్తవని బుద్ధుడు అడిగిండు. దండం పెడ్త, బట్ట, బువ్వ ఇస్త, కాపాడ్త అన్నడు రాజు. పక్కనే కూసున్న మనిషిని బుద్ధుడు చెయ్యెత్తి చూపిస్తే రాజు గజగజ వణికిండు. కట్టెతోటి, కత్తితోటి తను లొంగదీయలేనోణ్ణి బుద్ధుడు అవి లేకుంటనే మార్చిండని ఒప్పుకున్నడు.

మిగిలిన సగం కథ

రాజు వదిలేసిండు. జనం వదల్లేదు. భిక్షకు పోతే మట్టిపెల్లలు, కట్టెలు, పెంకులు వచ్చి తాకేటివి. తల పగిలి, పాత్ర పలిగి, చీవరం చినిగి తిరిగొచ్చిండు. ఓర్చుకో, ఎన్నో ఏండ్లు అనుభవించాల్సిన కమ్మఫలాన్ని ఇక్కడనే అనుభవిస్తున్నవు అని బుద్ధుడు చెప్పిండు తప్ప, నువ్వు నిర్దోషివి అని ఒక్కసారి గూడ అనలేదు. అప్పటికే ఆయన అరహంతుడైండు. అయినా దెబ్బలు ఆగలేదు.

ఇంకో సంగతి. కాన్పు కష్టమై అల్లాడుతున్న ఒక తల్లిని చూసి ఆయన మనసు కరిగింది. పుట్టినప్పటి నుంచి తెలిసి ఏ ప్రాణం తియ్యలేదన్న సత్యంతోటి ఆమెకు మేలు కోరుమని బుద్ధుడు చెప్తే, అది అబద్ధమైతదని ఆయనే అడ్డం చెప్పిండు. అరియ జన్మ ఎత్తినప్పటి నుంచి అని మాట మార్చినంకనే పోయి చెప్పిండు. తల్లీబిడ్డ క్షేమంగ బయటపడ్డరు. తన నేరాన్ని దాచుకోనోడే తన మార్పును గూడ నిజంగ చెప్పగలడు.

జనం భయాన్ని గూడ ధమ్మం తీసిపారెయ్యలేదు. ఆయన్ను చూసి మనుషులు బెదిరి ఉరుకుతుంటే, పేరుమోసిన దొంగలకు ఇకమీద దీక్ష ఇయ్యొద్దని నియమం పెట్టినట్టు వినయ పిటకం చెప్తది. ఒక మనిషి మారిండని చెప్పి మిగిలినోళ్ల భద్రతను మరిచిపోలేదు.

మన నేల మీద దొంగ నక్షత్రం

పుట్టిన రాత్రే దొంగ అనుడు పాతకాలం ముచ్చట అనుకుంటున్నరా? 1871ల బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చి, కులాలకు కులాలనే పుట్టుదొంగలుగ రాసింది. 1911ల దాన్ని మద్రాసు రాష్ట్రానికి గూడ తెచ్చింది. బాపట్ల దగ్గర 1913ల ఎరుకల కుటుంబాలను ఉంచేందుకు స్టూవర్టుపురం పెట్టిన్రు. కాపలా నడుమ హాజరు వేయించుకుంట బతుకుడు. 1952ల ఆ చట్టం పోయింది, ఆ కులాలకు విముక్త జాతులని పేరొచ్చింది. కానీ ముద్ర అంత తొందరగ పోలేదు. మహాకవి జాషువా బిడ్డ హేమలతా లవణం స్టూవర్టుపురంల ఏండ్లకేండ్లు పనిచేసింది. నేరం బాట వదిలినోళ్లకు ఇల్లు, పని, పిల్లలకు బడి కావాలని తిరిగింది. ఆమె నాస్తికురాలు. అయినా ఆ అడివి బాటల బుద్ధుడు చేసిన పనే ఆమె చేసింది.

2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జైళ్లల్ల కులం చూసి పని పంచుడు రాజ్యాంగ విరుద్ధమన్నది. జైలు రిజిస్టర్లల్ల కులం గడి తీసెయ్యమన్నది. అంటే 2024 దాక ఆ గడి ఉన్నదన్నట్టే కద! మన దేశంల జైళ్లల్ల ఉన్న ప్రతి నలుగురిల దాదాపు ముగ్గురు ఇంకా తీర్పు రానోళ్లు, విచారణ ఖైదీలు.

మీరు చేయగలిగింది

తీర్పు రాకముందే ఎవరిని దొంగ అనకండి. కులం పేరుతోటి అసలే అనకండి. ఖర్చులేక వకీలును పెట్టుకోలేనోళ్లకు ప్రభుత్వమే వకీలును ఇయ్యాలె. రాజ్యాంగంల 39-ఏ అధికరణ, 1987 నాటి న్యాయ సేవల చట్టం చెప్పేది ఇదే. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీల ఉన్నోళ్లకు ఆదాయం ఎంతని అడగకుంటనే ఇస్తరు. 15100 నంబరుకు ఫోన్ చేయించండి.

నిజంగ తప్పు చేసి, శిక్ష ముగించుకొని ఊరికొచ్చినోళ్ల సంగతి ఇంకా కష్టం. చేసిన తప్పును లేదనకండి. దెబ్బతిన్న ఇంటోళ్ల దుఃఖాన్ని ముందు వినండి. తర్వాత ఆయనకు కూలిపని దొరుకుతున్నదా, ఆయన పిల్లలను బడిల ఎవరన్న దొంగ బిడ్డ అంటున్నరా చూడండి. మట్టిపెల్ల ఎవరి చేతిల ఉన్నదో, అది మన చేతిలనే ఉన్నదేమో గూడ చూసుకోండి.

నమో బుద్ధాయ. జై భీమ్.