బుకిట్ తిమా బడిలో బీజింగ్ మాస్టారు

సింగపూర్‌లో బుకిట్ తిమా రోడ్డు మీదుగా వెళ్లే మన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. తాన్ కా కీ మెట్రో స్టేషన్ పక్కన గడియారం గోపురం ఉన్న ఒక పాత బడి కనిపిస్తుంది. ఆ దారిలో మా సైటు నడిచినన్నాళ్లూ పొద్దున్నే ఆ గడియారం చూసే టైము సరిచూసుకునేవాళ్లం. 1929లో బీజింగ్ నుంచి వచ్చిన ఒక మాస్టారు అక్కడ చైనా భాష పాఠాలు చెప్పారని ఈమధ్యే చదివి తెలుసుకున్నాం. ఆయనే లావో షె. చైనాలో ఆయన పేరు తెలియని చదువరి ఉండడు. రిక్షావాడి బతుకు మీద రాసిన నవల, టీ కొట్టు మీద రాసిన నాటకం ఆయన్ని ప్రపంచానికి పరిచయం చేశాయి. మాకు మాత్రం పరాయి దేశాల్లో పంతులుగా ఆయన పడ్డ పాట్లే దగ్గరగా అనిపించాయి.

తల్లి కష్టంతో చదువు

అసలు పేరు షూ చింగ్‌చున్. 1899 ఫిబ్రవరి 3న బీజింగ్‌లో ఒక పేద మంచూ కుటుంబంలో పుట్టారు. తండ్రి రాజుగారి కొలువులో కాపలా సిపాయి. 1900లో ఎనిమిది దేశాల సేనలు బీజింగ్ మీద పడ్డప్పుడు ఆ పోరులో చనిపోయారు. పిల్లాడికి అప్పటికి ఏడాదిన్నర. తల్లికి అక్షరం ముక్క రాదు. ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి, చిరుగులు కుట్టి పిల్లల్ని సాకింది. ఒక దాత పుణ్యమా అని బడి మొహం చూశారు. 1913లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చేరారు. అక్కడ తిండి, బట్ట, పుస్తకాలు అన్నీ ఉచితం. డబ్బుల్లేని ఇంటి పిల్లాడికి అంతకన్నా మంచి దారి ఏముంటుంది? 1918లో పాసయ్యి, పందొమ్మిదేళ్లకే ఒక ప్రాథమిక పాఠశాలకు హెడ్మాస్టరయ్యారు. రెండేళ్లకు బడుల తనిఖీ అధికారి అయ్యారు. ఆ కొలువు మనసుకు పట్టక 1922లో వదిలేసి, తియాన్‌జిన్‌లో మళ్లీ పంతులుగా చేరారు.

లండన్ కొలువు

1924లో లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ స్టడీస్‌కు చైనీస్ లెక్చరర్ కావాల్సి వస్తే, బీజింగ్‌లో తెలిసిన ఒక ఇంగ్లిష్ ప్రొఫెసరు ఈయన్ని సిఫారసు చేశారు. ఐదేళ్ల ఒప్పందం, ఏడాదికి 250 పౌన్లు. వినడానికి పెద్ద ఉద్యోగమే. దిగాక అసలు సంగతి తెలిసింది. ఆ బడిలో క్లాసంటూ ఒక పద్ధతిగా ఉండేది కాదు. పదిహేను, పదహారేళ్ల పిల్లల దగ్గర్నుంచి డెబ్భై ఏళ్ల ముసలివాళ్ల దాకా వచ్చేవాళ్లు. బ్యాంకు గుమాస్తాలు, క్రైస్తవ ప్రచారకులు, భాష పరీక్ష పాసైతే జీతం పెరుగుతుందని వచ్చే సైనికాధికారులు. ఒకరికి మాటలు కావాలి, ఒకరికి పాత కవిత్వం కావాలి. ఎవరికి ఏది కావాలంటే అది చెప్పాల్సిందే. హెడ్మాస్టరుగా, తనిఖీ అధికారిగా చేసి వచ్చిన మనిషి, తన సొంత భాషనే అక్కడ అ ఆల దగ్గర్నుంచి కొత్తగా చెప్పడం నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆ జీతంలోంచే బీజింగ్‌లో ఉన్న తల్లిని కూడా చూసుకోవాలి. 1926లో ఆయన బడివాళ్లకు ఉత్తరం రాశారు. తనకు, తన తల్లికి ఈ జీతం చాలడం లేదని, పెంచమని అడిగారు. 300 పౌన్లు చేశారు. ఈ ఒక్క సంగతి చదివినప్పుడు మా గదిలో అందరం కాసేపు మాట్లాడుకోలేదు. నెల మొదట్లో ఇంటికి డబ్బు పంపి, మిగిలింది లెక్క పెట్టుకునే ప్రతి ఒక్కరికీ ఆ ఉత్తరం రాయడం ఎంత కష్టమో తెలుసు.

ఇల్లు దొరకడం ఇంకో కథ. ఆ రోజుల్లో లండన్ నాటకాల్లో, చవక నవలల్లో చైనావాడంటే నల్లమందు, హత్యలు. అద్దెకు గది ఇవ్వడానికి జంకేవాళ్లు. లావో షెకు మాత్రం క్లెమెంట్ ఎజర్టన్ అనే ఇంగ్లిష్ స్నేహితుడు దొరికారు. సెయింట్ జేమ్స్ గార్డెన్స్‌లో ఒకే ఇంట్లో ఉంటూ ఆయన చైనీస్, ఈయన ఇంగ్లిష్ ఒకరికొకరు నేర్పుకున్నారు. తర్వాత ఎజర్టన్ ఒక పెద్ద పాత చైనా నవలను ఇంగ్లిష్‌లోకి అనువదించి 1939లో అచ్చు వేయించి, లావో షెకే అంకితమిచ్చారు.

ఆ గదిలో కూర్చునే లావో షె రచయిత అయ్యారు. ఇంటి మీద బెంగ, ఒంటరితనం, చేతిలో ఇంగ్లిష్ నవలలు. మొదటి నవలలోనే డబ్బు పిచ్చి పట్టిన ఒక దొంగ బడిపంతులును పెట్టి ఉతికి ఆరేశారు. మూడో నవలలో లండన్‌లో పురాతన వస్తువుల కొట్టు నడిపే చైనా తండ్రీకొడుకుల కథ చెప్పారు. చైనావాళ్లకు ఇల్లివ్వడానికి లండన్‌లో ఎంత సందేహించేవాళ్లో అందులో కళ్లకు కట్టినట్టు ఉంటుంది. మేమూ ఇక్కడ గది కోసం ఫోను చేస్తే, పేరు వినగానే ఇండియన్లకు ఇవ్వమని ఫోను పెట్టేసినవాళ్లున్నారు. వందేళ్లయినా ఆ మాట అట్లాగే ఉంది.

సింగపూర్‌లో కొద్ది నెలలు

1929లో ఒప్పందం ముగిసింది. యూరప్ చూసి బయల్దేరితే చేతిలో డబ్బు సింగపూర్ దాకానే సరిపోయింది. ఓడ దిగి చైనీస్ పుస్తకాల కొట్లకు వెళ్లి పని అడిగారు. ఆ పరిచయాలతో చైనీస్ హైస్కూల్లో మాస్టారు ఉద్యోగం దొరికింది. తాన్ కా కీ చొరవతో 1919లో మొదలైన ఆ బడి 1925లో బుకిట్ తిమాకు మారింది. అప్పట్లో ఇక్కడి చైనా కుటుంబాలు ఇళ్లలో హొక్కియన్, కాంటొనీస్ లాంటి భాషలు మాట్లాడేవి. బడులు మాత్రం అందరికీ ఉమ్మడిగా ఉండే మాండరిన్ వైపు మారుతున్నాయి. అందుకే బీజింగ్ ఉచ్చారణ ఉన్న మాస్టారికి విలువ. ఇంకోవైపు బ్రిటిష్ ప్రభుత్వం 1920 చట్టంతో బడులను, పంతుళ్లను రిజిస్టరు చేయించి, వాటిమీద కన్నేసి ఉంచింది.

పదిహేనేళ్ల పిల్లలు తరగతిలో వేసే ప్రశ్నలు, వాళ్ల విప్లవ భావాలు చూసి మాస్టారు ఆశ్చర్యపోయారు. అప్పటికి సగం రాసిన ప్రేమ నవలను పక్కన పడేశారు. దాని బదులు సింగపూర్‌లో పుట్టిన షియావ్ పో అనే చిన్న పిల్లాడి కథ మొదలుపెట్టారు. వాళ్ల నాన్నకు వేరే ఊరి చైనావాళ్లన్నా పడదు. పిల్లాడు మాత్రం తలకు ఎర్రగుడ్డ చుట్టుకుని భారతీయుడైపోతాడు. మలయ్, భారతీయ, చైనా పిల్లలందరూ కలిసి ఆడుకుంటారు. పాఠం చెప్పడానికి వచ్చిన మాస్టారు పిల్లల దగ్గర తానే పాఠం నేర్చుకున్నారన్నమాట.

1930 మొదట్లో చైనాకు తిరిగెళ్లి విశ్వవిద్యాలయాల్లో బోధించారు, గొప్ప పుస్తకాలు రాశారు. చివరికి 1966 ఆగస్టు 23న, సాంస్కృతిక విప్లవం రోజుల్లో, బడి వయసు రెడ్‌గార్డులు ఆయన్ని అందరి ముందూ కొట్టి అవమానించారు. మర్నాడు ఇల్లు వదిలి తైపింగ్ సరస్సుకు వెళ్లారు. శవం ఆ నీళ్లలో దొరికింది. జీవితమంతా పిల్లలకు చదువు చెప్పిన మనిషికి పిల్లల చేతుల్లోనే ఆ గతి పట్టింది. 1978లో ప్రభుత్వం ఆయన గౌరవాన్ని తిరిగి నిలబెట్టింది. 2003లో లండన్ ఇంటికి నీలి ఫలకం పెట్టారు.

మా గదిలో ఒకతను ఊళ్లో టీచర్ ట్రైనింగ్ చేసి, డీఎస్సీ రెండుసార్లు రాసి, రాక ఇక్కడికి వచ్చాడు. ఇప్పుడు సైటులో ఇనుప చువ్వల లెక్క చూస్తాడు. ఆదివారం మాత్రం కొత్తగా వచ్చిన కూలీలను కూర్చోబెట్టి, క్రేన్ కింద, గుంత అంచున పెట్టే బోర్డుల మీద ఏం రాసి ఉందో చదవడం నేర్పుతాడు. జీతం లేదు, రిజిస్టరులో పేరు లేదు. పోయిన వారం అతనికి లావో షె కథంతా చెప్పాం. ఏమీ అనలేదు. ఈ ఆదివారం మాత్రం నల్లబల్ల కొనుక్కొచ్చాడు.