బాలహృదయ శిక్షకుడు పెస్టలోజీ

బిడ్డను బడికి పంపిన తండ్రి వానికి అక్షరములును ఎక్కములును వచ్చినవా యని విచారించుట లోకమున వాడుక. కోపము వచ్చినపుడు నిగ్రహించుకొనుట, తోడిబాలురతో కలిసిమెలిసి యుండుట, ఒరుల దుఃఖమునకు కరగుట వానికి అలవడినవా యని విచారించువారు అరుదు. ఇవి పుట్టుకతో రావలసిన గుణములే కాని బడిలో నేర్పదగినవి కావని పెక్కుర నమ్మకము. ఆ నమ్మకము సరికాదని రెండు శతాబ్దములకు పూర్వమే ఆచరణమున జూపినవాడు స్విట్జర్లాండు దేశీయుడగు జోహాన్ హైన్రిక్ పెస్టలోజీ. ఆయన చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా నివేదించుచున్నాము.

పెస్టలోజీ 1746వ సంవత్సరము జనవరి 12వ తేదీన జూరిక్ నగరమున జన్మించెను. ఆయన పసితనముననే తండ్రి గతించెను. తల్లియు, బాబెలి యను నమ్మకమైన దాసియు ఎన్నో కష్టములకోర్చి బిడ్డలను పెంచిరి. ఆ యింటి వాత్సల్యమే తరువాతి కాలమున ఆయన విద్యావిధానమునకు పునాది యయ్యెను. 1769వ సంవత్సరమున ఆయన అన్నా షుల్తెస్ అను విదుషిని వివాహమాడి, నాయ్‌హోఫ్ అను చోట వ్యవసాయము పూని నష్టపడెను. 1774వ సంవత్సరమున పేదబిడ్డలను అచటనే చేర్చుకొని, నూలు వడకుటతోపాటు చదువును నేర్పసాగెను. ధనము చాలక 1780వ సంవత్సరమున అదియు మూతపడెను. మరుసటి యేట వెలువడిన ఆయన నవల కీర్తిని దెచ్చెను గాని, ఆయన మనస్సు మాత్రము బిడ్డలను విడువలేదు.

1798వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన ఫ్రెంచి సేనలు స్టాన్స్ పట్టణముపై బడి జనులను వధించి యిండ్లను తగులబెట్టెను. దిక్కులేని బిడ్డల పోషణభారమును ప్రభుత్వమువారు పెస్టలోజీకి అప్పగించిరి. 1799వ సంవత్సరము జనవరిలో ఒక కన్యకామఠపు భవనమున ఆశ్రమము ప్రారంభమయ్యెను. సుమారు ఎనుబదిమంది బిడ్డలకు ఆయనయు, వంటయిల్లు చూచుకొను ఒక స్త్రీయు మాత్రమే దిక్కు. ఆ బిడ్డలలో కొందరు గజ్జితో చిక్కి శల్యమైనవారు. కొందరు బిచ్చమునకు అలవాటుపడినవారు. ఎవరిని జూచినను బెదరువారు కొందరు.

ఇచ్చట ఆయన అవలంబించిన క్రమమును మా చదువరులు ప్రత్యేకముగా గమనింపవలెను. మొదటిది ప్రేమ. ఆకలితోను భయముతోను ఉన్న బిడ్డకు నీతిబోధ చెవి కెక్కదని యెరిగి, ఆయన వారితోనే తిని, వారి నడుమనే పరుండి, రోగులకు స్వయముగా ఉపచారము చేసెను. రెండవది అభ్యాసము. పాఠము వల్లించునపుడు ఒక వ్రేలిపై చూపు నిలుపుట, కొంతసేపు నిశ్శబ్దముగా నుండుట వంటి చిన్న పనులచే చంచలమైన మనస్సును స్వాధీనము చేసికొను శక్తి వారికి అలవడునట్లు చేసెను. మాటలతో చేయు ఉపదేశము కడపటిది. మనము సాధారణముగా మొదట ఉపదేశించి, అది ఫలింపనిచో కోపించి, ప్రేమను బిడ్డ బుద్ధిమంతుడైన పిదప బహుమానముగా ఇత్తుము.

ఆ క్రమముయొక్క ఫలము శీఘ్రముగనే కనబడెను. 1799వ సంవత్సరమున ఆల్ట్‌డోర్ఫ్ పట్టణము అగ్నిపాలయ్యెను. అచటి బిడ్డలను ఇరువదిమంది వరకు చేర్చుకొందమా యని ఆయన అడుగగా, స్టాన్స్ బిడ్డలు చేర్చుకొందమని కేకలు వేసిరి. ఆయన అంతటితో సంతసింపలేదు. వారు వచ్చినచో తిండి తగ్గును, పని హెచ్చును, బట్టలు పంచుకొనవలసివచ్చును, బాగుగా ఆలోచించుకొనుడని విడమరచి చెప్పెను. బిడ్డలు వెనుదీయలేదు. మొదటి సమాధానము జాలి. రెండవది వివేకముతో గూడిన దయ. హృదయశిక్షణమన నిదియే.

ఐదు మాసములు కడచునంతలో, జూన్ నెలలో, సైనిక వైద్యశాలకై ఆ భవనము అవసరమయి ఆశ్రమము ముగిసెను. పిమ్మట ఆయన బుర్గ్‌డోర్ఫ్‌లోను, 1805వ సంవత్సరము మొదలు 1825వ సంవత్సరము వరకు ఇవెర్డాన్‌లోను పాఠశాలలు నడపెను. కిండర్‌గార్టెన్ స్థాపకుడగు ఫ్రోబెల్ ఇవెర్డాన్‌లో ఆయనయొద్ద నేర్చినవాడే. పెస్టలోజీ 1827వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన బ్రుగ్ పట్టణమున పరమపదించెను.

ఆయన లోపములను మేము మరుగుపరుపము. స్టాన్స్‌లో ఆయన ఒక్కొక్కప్పుడు బిడ్డలను కొట్టెను. వెంటనే అక్కున జేర్చుకొనినను, ఆ పనిని మేము సమర్థింపజాలము. మన దేశమున 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము బడిలో దండనమును నిషేధించినది. అయినను బెత్తమును తీసివేసినంతమాత్రమున నిగ్రహము అలవడదు. బెత్తమున్న చోట ప్రేమయు అభ్యాసమును నిలువవలెను.

ఇవెర్డాన్ పాఠశాల క్షీణించుటకు ఉపాధ్యాయుల అంతఃకలహములు ముఖ్యకారణము. బిడ్డలకు మైత్రి నేర్పిన చోటనే పెద్దలు మైత్రిని నిలుపుకొనలేకపోయిరి. ఇది మనకును హెచ్చరిక. ఇంటను బడిలోను పెద్దలు తమ కోపము నెట్లు జయింతురో బిడ్డలు దినదినము చూచుచునే యుందురు. వారికి మొదటి పాఠము అదియే.