విలియం కూపర్ : ఆశయు నిరాశయు

(ధ్యానమునకు : 88వ కీర్తన)



దుఃఖముతో మొదలైన కీర్తనలు చాలవరకు స్తుతితో ముగియును. 88వ కీర్తన మాత్రము చీకటిలోనే ముగియును. అయినను అది ప్రార్థనయే; పరిశుద్ధ గ్రంథములో దానికిని చోటున్నది. ఆ కీర్తనవంటి జీవితమొకటి ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాను. క్రీస్తు రక్తమును ఊటతో పోల్చిన పాటను మనము తెలుగున పాడుకొనుచున్నాము గదా. దానిని మొదట ఇంగ్లీషున వ్రాసినవాడు విలియం కూపర్.

ఈయన 1731వ సంవత్సరమున ఇంగ్లండు దేశములోని బర్క్‌హాంస్టెడ్ అను ఊరిలో, సంఘ కాపరి ఇంట జన్మించెను. ఆరేండ్ల ప్రాయమందే తల్లిని పోగొట్టుకొనెను. పెద్దవాడై న్యాయశాస్త్రము చదివి 1754లో వకీలాయెను. వంశము గొప్పది, బంధువులు పలుకుబడి గలవారు. కనుక ఆయన ముందు మంచి భవిష్యత్తున్నదని అందరును తలంచిరి.

1763లో ఒక బంధువు ఆయనకు ప్రభువుల సభలో గుమాస్తా ఉద్యోగము ఇప్పింపబూనెను. అది ఆయన కోరిన పదవియే. అయితే సభవారి యెదుట పరీక్షకు నిలువవలెనని తెలిసినప్పుడు భయము ఆయనను ఆవరించెను. దినములు దగ్గర పడినకొలది మతి చెదరెను. తన ప్రాణము తానే తీసికొన ప్రయత్నించెను గాని దేవుని దయవలన బ్రదికెను. కోరిన పదవి అంతటితో పోయెను.

బంధువులు ఆయనను సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టరు కాటన్ నడుపుచున్న వైద్యశాలకు చేర్చిరి. ఆ వైద్యుడు దయగల విశ్వాసి. 1764లో అక్కడనే కూపర్ రోమా పత్రిక మూడవ అధ్యాయము చదివి రక్షణానందము పొందెను. ఆ ఆనందము ఎంత ఉప్పొంగెననగా, ఇదియు మరల మతిభ్రమణముగా మారునేమోయని వైద్యుడు కలవరపడెను.

ఈలాగు మనస్సు మితిమీరి పైకి లేచి, మరల అగాధములో పడు రోగమును నేటి వైద్యులు బైపోలార్ వ్యాధి అందురు. ఆయన జీవితమును పరిశీలించినవారిలో కొందరు ఆయనది ఈ వ్యాధియేనని తలంతురు. గతించినవానికి పరీక్ష చేయలేము గనుక నేను తీర్పు చెప్పను.

1767లో ఆయన మేరీ అన్విన్ అను విధవరాలి కుటుంబముతో ఓల్నీ గ్రామమునకు వచ్చెను. అక్కడి కాపరి జాన్ న్యూటన్. వారిద్దరు కలిసి బీదలను దర్శించిరి. కలిసి కీర్తనల పుస్తకము వ్రాయ తలపెట్టిరి. అయితే 1773లో రోగము తిరిగి వచ్చెను. దేవుడు తనను విడిచిపెట్టెనని కలలో ఆయనకు తోచెను. ఆ తలంపు జీవితాంతము పూర్తిగా వదలలేదు. ఆయన మరల సంఘారాధనకు వెళ్లలేదు. న్యూటన్ ఆయనను త్రోసివేయక, సంవత్సరమునకు పైగా తన ఇంటనే ఉంచుకొనెను. మేరీ అన్విన్ రాత్రింబగళ్లు కనిపెట్టుకొని యుండెను.

కొంత తేరుకొన్న తరువాత ఆయన చిన్న పనులు చేపట్టెను. కుందేళ్లను పెంచెను, తోటపని చేసెను, వడ్రంగము నేర్చుకొనెను. 1779లో ఓల్నీ కీర్తనలు అచ్చుపడెను. వాటిలో అరువదికి పైగా ఆయనవి. 1785లో ఆయన పెద్ద కావ్యము వెలువడెను. గ్రీకు కవియైన హోమరు కావ్యములను తర్జుమా చేయబూని, దినమునకు నలువది పంక్తులని నియమము పెట్టుకొనెను. ఆ మహాకార్యము 1791లో ముగిసెను.

కడవరి దినములు కఠినమైనవి. 1796లో మేరీ అన్విన్ మరణించెను. 1800 ఏప్రిల్ 25న ఆయన ఆదరణ లేకయే కన్నుమూసెను.

ప్రియులారా, ఇక్కడ మనము తొందరపడి తీర్పు తీర్చరాదు. దేవుడు విడిచెనని ఆయన తలంచెను. ఆ తలంపు రోగముది, దేవుని తీర్పు కాదు. మన రక్షణ మన మనోభావముపై కాదు, క్రీస్తు చేసిన కార్యముపై నిలిచియున్నది. ఇతరులకు ఆ ఊటను చూపినవానికి తన కన్నులు మసకబారినంత మాత్రమున ఊట ఎండిపోవునా?

ఈ వ్యాధి రేపటిని గూర్చి రెండు విధములుగా అబద్ధమాడును. ఉప్పొంగు కాలమున, నిద్ర లేకున్నను అన్నియు సాధింతునని చెప్పి పొలమమ్మించును, అప్పు చేయించును. క్రుంగు కాలమున, నీకు రేపే లేదనును. మీ ఇంట అట్టివారుండినయెడల దయ్యమనియు, సోమరితనమనియు, విశ్వాసలోపమనియు అనకుడి. కూపర్ కాలమున లేని మందులు నేడున్నవి. 1949 తరువాత లిథియము వాడుకలోనికి వచ్చెను. వైద్యుని యొద్దకు తీసికొనిపోవుడి. మేలుపడెనని మందు మీ అంతట మానిపింపకుడి. చావవలెనను మాట వినబడినయెడల ఒంటరిగా విడువక, ఆ దినమే ఆసుపత్రికి చేర్చుడి. వారి ఆశలను ఎగతాళి చేయకుడి. దినమునకు నలువది పంక్తులవలె వాటిని చిన్న పాళ్లుగా చేయుటకు తోడ్పడుడి.

కర్మెలు పర్వతముపై జయమొందిన ఏలీయా వెంటనే చావు కోరెను. దేవుడు ఆయనను గద్దింపక నిద్రయు రొట్టెయు నీళ్లును ఇచ్చి, పిమ్మట చేయవలసిన పనిని చూపెను. మన సంఘమును అట్లే చేయును గాక.

ప్రార్థన : ప్రభువా, రేపటిని చూడలేనివారి చేయి నీవే పట్టుకొనుము. వారి కొరకు న్యూటన్ వంటి కాపరులను, మేరీ అన్విన్ వంటి ఇరుగుపొరుగువారిని మాలో లేపుము. ఆమేన్.