నేలపై నెగురుట నేర్పిన ఎడ్విను లింకు

ఈతయు, సైకిలు త్రొక్కుటయు పుస్తకము చదివి నేర్వదగినవి కావు. విమానము నడుపు విద్యయు నట్టిదే. నీట మునుగు శిష్యుని గురువు చేయిపట్టి పైకి తీయవచ్చును గాని, మేఘములలో దారితప్పినవానిని పట్టుకొనువారెవ్వరు? తప్పు చేసియు బ్రదికి, ఆ తప్పునుండి నేర్చుకొను వీలు విమానచోదకులకు కల్పించిన ఎడ్విను ఆల్బర్టు లింకు చరిత్రము మా విద్యార్థులకు ఉపయోగపడునని తలంచి యిచట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

లింకు 1904వ సంవత్సరము జులై 26వ తేదీన అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున హంటింగ్టను పట్టణమున జన్మించెను. 1910లో ఆ కుటుంబము న్యూయార్కు రాష్ట్రములోని బింగ్‌హామ్‌టనునకు వచ్చి స్థిరపడెను. అచట తండ్రి యొక కర్మాగారము నడుపుచు, తమంతట తామే మ్రోగు పియానోలను, సినిమాశాలలకు వలయు ఆర్గనులను చేయించుచుండెను. మన హార్మనీ పెట్టెకు వలెనే ఈ వాద్యములకును తిత్తులు, కవాటములే ప్రాణము. లింకు వానిని విప్పుట, బిగించుట, బాగుచేయుట చక్కగ నేర్చెను.

1920లో, పదునారేండ్ల ప్రాయమున, ఈయన 50 డాలర్లు చెల్లించి మొదటి విమానపాఠమునకు పోయెను. గురువు ఆకాశమున పల్టీలు కొట్టించి దింపెనే కాని, శిష్యుని చేతికఱ్ఱను ఒక్కమారైనను ముట్టనీయలేదు. అంత సొమ్మునకు నేర్చినది శూన్యము. ఈ విద్యను తక్కువ వ్యయముతో, అపాయము లేకుండ, నేలమీదనే యేల నేర్పరాదను ఆలోచన క్రమముగ లింకు మనస్సున నాటుకొనెను.

1929లో ఆ ఆలోచన రూపు దాల్చెను. తండ్రి కర్మాగారములోనే ఈయన పొట్టి రెక్కలుగల చిన్న విమానపు పెట్టెను చేసి తిత్తులపై నిలిపెను. లోన కూర్చున్నవాడు చేతికఱ్ఱను కదల్పగా కవాటములు తెరచుకొనును. విద్యుత్తుతో నడచు పంపు తిత్తులలోని గాలిని పీల్చును. పెట్టె ముందునకో ప్రక్కకో వాలును. 1931లో దీనికి పేటెంటు లభించెను. కాని విమానవిద్య నేర్పువారు దీనిని ఆటవస్తువుగ నెంచిరి. పెక్కు యంత్రములు వినోదశాలలకే పోయెను. లింకు నిరాశ చెందక, కన్నులకు బయలు కనబడనప్పుడు పరికరములను మాత్రమే చూచి విమానము నడుపుటను ఈ పెట్టెలో నేర్పసాగెను.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వము విమానపుటపాను సైన్యమునకు అప్పగించెను. పొగమంచులో నడుపుట నేర్వని సైనికచోదకులు కొలది వారములలోనే పదిమందికి పైగ మరణించిరి. అప్పుడు సైన్యాధికారులు లింకును న్యూఆర్కునకు పిలిచిరి. ఆ దినమున దట్టముగ మబ్బు క్రమ్ముటచే ఈయన రాజాలడని వారు తలంచిరి. లింకు పరికరముల సాయముననే వచ్చి సురక్షితముగ దిగెను. ఇంతకంటె వేరు సాక్ష్యమేల? సైన్యము ఆరు యంత్రములను కొనెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇట్టివి 10,000కు పైగ తయారయ్యెను. సుమారు 5,00,000 మంది వీనిలో శిక్షణ పొందిరి.

ఇచట చేతికి తెలియు విషయమొకటి చెప్పవలసియున్నది. విమానము వేగము హెచ్చినకొలది గాలి తాకిడి పెరిగి చేతికఱ్ఱ బిగుసుకొనును. వేగము మిక్కిలి తగ్గినప్పుడు అది వదులగును. చోదకునకు ఇది యొక హెచ్చరిక. కావున లింకు యంత్రములలో చేతికఱ్ఱకు గాలి ఎదురొత్తినట్లు తోచు ఏర్పాటును చేర్చిరి. నేడు ఇంట కంప్యూటరుపై విమానము నడుపువారి సామాన్యపు జాయ్‌స్టిక్కులో స్ప్రింగు మాత్రమే యుండి, ఎల్లవేళల ఒకే తీరున లాగును. ఫోర్సు ఫీడ్‌బ్యాకు జాయ్‌స్టిక్కులోనో మోటార్లుండి, కంప్యూటరు లెక్కించిన గాలిబలమును చేతికి తెలుపును. 1997లో మైక్రోసాఫ్టువారి సైడ్‌వైండరు ఇట్టిదానిని ఇండ్లకు తెచ్చెను. పాతదానిని మార్చి దీనిని కొనువారు కోరునది ఆడంబరము కాదు. 1920లో ఆ బాలునకు దొరకని స్పర్శయే.

పిదప లింకు సముద్రపరిశోధనకు మరలి, లోతునకు దిగు నౌకల నిర్మాణమున కృషిచేసెను. 1973లో ఫ్లారిడా తీరమున అట్టి నౌక యొకటి, మునిగియున్న పాత ఓడ శిథిలములలో చిక్కుకొనెను. సాయము అందునప్పటికి లోపలి నలుగురిలో ఇద్దరు మరణించిరి. వారిలో నొకడు లింకు కుమారుడే. ఎందరి బిడ్డలనో కాపాడిన తండ్రి తన బిడ్డను కాపాడుకొనలేకపోయెను. అయినను ఈయన దుఃఖముతో కూలబడక, మనుష్యుడు లేకయే లోతునకు దిగి చిక్కుకొనిన నౌకలను విడిపించు సాధనమును నిర్మించెను. 1981 సెప్టెంబరు 7వ తేదీన బింగ్‌హామ్‌టనులో మరణించెను.

లింకు కొత్త పదార్థము నేదియు కనుగొనలేదు. వాద్యముల తిత్తులనే, తన చేతికి వచ్చిన పనినే, ప్రాణరక్షణకు వినియోగించెను. మా విద్యార్థులును తమ చేతికి వచ్చిన విద్య ఎంత చిన్నదైనను తేలికగ చూడకుందురుగాక యని కోరుచున్నాము.